మొక్క కన్నా ముందు గొయ్యి

కాలే రోడ్డును చెట్టు రెండు విధాలుగా చల్లబరుస్తుంది. ఒకటి నీడ: ఎండ తారు మీద పడకుండా ఆకుల మీదే ఆగిపోతుంది. రెండోది ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు. ఒక లీటరు నీరు ఆవిరవ్వడానికి దాదాపు 0.68 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఖర్చవుతుంది. వేర్లకు తడి అందకపోతే ఆకులు తమ రంధ్రాలు మూసేసుకుంటాయి, ఈ రెండో పని ఆగిపోతుంది. అందుకే ఎన్ని మొక్కలు నాటామన్న లెక్క కన్నా ఒక్కో మొక్కకు ఎంత మట్టి దక్కిందన్నదే నాకు ముఖ్యం.

రోడ్డు పక్క మట్టి రోలర్ల కింద నలిగి గట్టిపడి ఉంటుంది. అందులో ఇరుకుగా, లోతుగా తవ్విన గొయ్యి కుండలా మారుతుంది, వేర్లు గోడలకు తగిలి లోపలే చుట్టుకుంటాయి. నీరు పీల్చే వేర్లలో ఎక్కువ భాగం పై అర మీటరు మట్టిలోనే పాకుతాయి కాబట్టి గొయ్యి వెడల్పు వేరుముద్దకు, అంటే మొక్క వేర్లను అంటిపెట్టుకుని వచ్చే మట్టిముద్దకు, రెండు మూడు రెట్లు ఉండాలి, లోతు మాత్రం వేరుముద్ద ఎత్తుకు మించకూడదు. గోడలను గునపంతో గీరి గరుకు చేయండి. ముందు రోజే గొయ్యి నిండా నీరు పోసి చూడండి. మర్నాటికీ ఇంకకపోతే అక్కడ వేర్లు ఊపిరాడక కుళ్లిపోతాయి, ఇంకో చోటు వెతకడమే మేలు.

నర్సరీ కవర్ కోసి తీశాక వేరుముద్దను ఒకసారి తిప్పి చూడండి. అడుగున వేర్లు గడియారం స్ప్రింగులా సుడులు తిరిగి కనిపిస్తే, పదునైన కత్తితో పక్కల మూడు నాలుగు చోట్ల నిలువుగా గాటు పెట్టాలి. జాలిపడి అలాగే నాటితే, ఆ సుడి వేరు కొన్నేళ్ల తర్వాత కాండాన్నే బిగిస్తుంది. పైకి ఏపుగా కనిపించే చెట్టు ఒక గాలివానకు మొదలంటా ఒరిగిపోవడానికి ఇదొక కారణం. కాండం అడుగున వేర్లు విచ్చుకునే ఉబ్బు నేల పైకి కనిపించాలి. దాన్ని మట్టిలో పూడిస్తే బెరడు కుళ్లుతుంది.

పాదులో ఎండాకులు ఏడెనిమిది సెంటీమీటర్ల మందాన పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. మొదటి నెల రెండు మూడు రోజులకోసారి 20 లీటర్లు నెమ్మదిగా ఇంకేలా పోయాలి. ఆ తర్వాత వానలేని వారాల్లో వారానికోసారి, కనీసం రెండేళ్లు. రోజూ చెంబెడు పోస్తే పై మట్టే తడిసి వేర్లు పైపైనే ఉండిపోతాయి. ఊతకర్రకు కట్టిన తాడును ఏడాదిలోగా విప్పేయాలి. మరిచిపోతే అది బెరడులోకి దిగి ఉరితాడవుతుంది.

ఇక జాతుల సంగతి. వీధంతా ఒకే చెట్టు చూడటానికి బాగుంటుంది, కానీ ఒక్క తెగులుతో వీధంతా బోడి అవుతుంది. ఊరి మొత్తం చెట్లలో ఒకే జాతి 10 శాతం, ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) 20 శాతం, ఒకే కుటుంబం (దగ్గరి ప్రజాతుల గుంపు) 30 శాతం మించకూడదన్నది 1990లో అమెరికా వృక్ష శాస్త్రవేత్త ఫ్రాంక్ సాంటమౌర్ చెప్పిన కొలత. పక్షుల కోసమైతే మర్రి, రావి, మేడి లాంటివాటికి సాటి లేదు. ఈ ప్రజాతిలో ఒక్కో చెట్టు ఒక్కో సమయంలో కాయడం వల్ల, మిగతా పళ్లు దొరకని నెలల్లోనూ వీటి మీద మేత ఉంటుంది. వేర్లు బలంగా పాకుతాయి కాబట్టి వీటిని గోడల పక్కన కాక పార్కుల్లో, చెరువుగట్ల దగ్గర పెట్టాలి.

ఎండిన కొమ్మ కనబడగానే కొట్టేయకండి. కింద మనుషులు తిరగని చోటైతే ఉండనివ్వండి, వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలోనే తర్వాత చిలుకలు, పైడికంటెలు అనే చిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయి.