పిల్లలకి బండి పిచ్చి అంటించాలంటే

రైడ్ కంటే ముందు చైన్ క్లీనింగ్‌తో మొదలుపెట్టండి. సెంటర్ స్టాండ్, న్యూట్రల్, తాళం మీ జేబులో. ఇంజన్ ఆన్ చేసి గేర్‌లో చక్రం తిప్పుతూ తుడిచే అలవాటుంటే పిల్లల ముందు అస్సలొద్దు. చైన్‌కీ స్ప్రాకెట్‌కీ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మధ్య వేలు పడితే నలిగిపోతుంది. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు తుడవడమూ ప్రమాదమే. చక్రం ఆగాకే గుడ్డ. చైన్ లూజు కొలవడానికి స్కేలు వాళ్ల చేతికివ్వండి, మాన్యువల్‌లో అంకె వాళ్లనే వెతకమనండి. భలే ఇష్టంగా చేస్తారు!

ఇక రైడ్. ట్యాంకు మీద కూర్చోబెట్టడం ముద్దుగానే ఉంటుంది గానీ, గట్టిగా బ్రేక్ పడితే ఛాతీ వెళ్లి హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది. వెనకే కూర్చోవాలి, పాదాలు ఫుట్‌రెస్ట్‌కి అందాలి. అందకపోతే ఇంకో ఏడాది ఆగండి. చట్టం ప్రకారమైతే 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లలకి 2023 ఫిబ్రవరి 15 నుంచి హార్నెస్ (పిల్లల్ని బండి నడిపేవాళ్లకి కట్టి ఉంచే పట్టీల జాకెట్), హెల్మెట్ తప్పనిసరి, వేగం గంటకి 40 కి.మీ. దాటకూడదు.

హెల్మెట్ 'పెద్దయ్యాక కూడా పనికొస్తుంది' అని వదులుగా కొనకండి. పట్టీ బిగించి వెనక నుంచి పైకెత్తి చూడండి, ఊడొచ్చిందంటే సైజు తప్పు. ఎక్కడం, దిగడం ఎడమవైపే. కుడివైపు సైలెన్సర్ కాలుతుంది, నిక్కరు వేసుకున్న పిల్లల పిక్కలకి మరీ.