మీ మినీడిస్కులు ఇప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించండి

ఇంట్లో ఇంకా మినీడిస్కులు, అదే సోనీ తెచ్చిన, పాటలు రికార్డ్ చేసుకునే ఆ చిన్న డిస్కులు, దాచుకున్నవాళ్ళకి ముందుగా ఒక మాట. డిస్కుల గురించి కాదు, వాటిని ఆడించే మెషీన్ గురించి టెన్షన్ పడండి.

మినీడిస్కులో రికార్డ్ చేసేటప్పుడు ఒకవైపు నుంచి లేజర్ ఆ చోటుని బాగా వేడెక్కిస్తుంది, రెండోవైపు నుంచి చిన్న మాగ్నెటిక్ హెడ్ అక్కడ గుర్తు పెడుతుంది, చల్లారిన తర్వాత ఆ గుర్తు మామూలు అయస్కాంతాలకి చెదరదు. పైగా డిస్కు ఎప్పుడూ ప్లాస్టిక్ కేసులోనే ఉంటుంది కాబట్టి గీతలు పడవు. నా దగ్గరున్న పాతికేళ్ళ కిందటి డిస్కులు ఇవాళ పెట్టినా శుభ్రంగా పాడుతున్నాయి. అదే ప్లేయర్ సంగతికొస్తే, లేజర్ నీరసపడిపోతుంది, పెద్ద డెక్కుల్లో డిస్కుని లోపలికి లాక్కునే రబ్బరు బెల్టు సాగిపోతుంది, వాక్‌మన్‌లో పలకలా ఉండే ఆ సన్నటి బ్యాటరీని లోపలే వదిలేస్తే కారిపోయి కనెక్షన్లు తినేస్తుంది. సోనీ మినీడిస్క్ వాక్‌మన్లు ఆపేసింది 2011లో, స్టీరియోలు 2013లో, ఖాళీ డిస్కుల తయారీ 2025 ఫిబ్రవరిలో. అంటే ఇక ఉన్నవన్నీ సెకండ్ హ్యాండే, ఏడాదికేడాది తగ్గిపోయేవే.

మన దగ్గర మినీడిస్కు చూసినవాళ్ళే తక్కువ. ఇక్కడ క్యాసెట్ నుంచి నేరుగా సీడీకి, అక్కడి నుంచి ఎంపీ3కి వెళ్ళిపోయాం. కానీ 2000 ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ పని మీద జపాన్ వెళ్ళిన తెలుగువాళ్ళకి అది బాగా తెలుసు, అక్కడ ప్రతి కుర్రాడి జేబులో అదే. నేను యొకోహామాలో ఉండేవాణ్ణి, టోక్యోలో ఎలక్ట్రానిక్స్ దొరికే అకిహబారాలో ఒక రికార్డరూ చిన్న స్టీరియో మైకూ కొనుక్కుని సెలవులకి తెనాలి దగ్గర మా ఊరికి వచ్చినప్పుడల్లా కనిపించినవాళ్ళందరి చేతా పాడించాను. నాయనమ్మ దంపుళ్ళ పాటలు, పెళ్ళిళ్ళలో అలక పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, రామాలయం దగ్గర ఒక హరికథ. అప్పట్లో అంత చిన్న పెట్టెలో అంత శుభ్రమైన రికార్డింగ్ అరుదు, క్యాసెట్‌లో వచ్చే ఆ బుస దీన్లో రాదు. ఆ గొంతుల్లో చాలావరకు ఇప్పుడు లేవు. ఈ పని ఎంత ముఖ్యమో చెప్పడానికి నాకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. 2001లో నెట్‌ఎండీ అని యూఎస్‌బీ ఉన్న రికార్డర్లు వచ్చాయి, కానీ ఆ తీగ ఒకవైపే పనిచేసేది. కంప్యూటర్ నుంచి పాటలు డిస్కులోకి వెళ్తాయి, డిస్కు నుంచి కంప్యూటర్లోకి మాత్రం రావు. పాటల కాపీలు పెరుగుతాయన్న భయంతో పెట్టిన కట్టడి అది. మైకుతో మన సొంత నాయనమ్మ పాట రికార్డ్ చేసుకున్నా అదే రూలు. పాత డిస్కుల్ని యూఎస్‌బీలో బయటికి తీయగలిగిన రికార్డర్ సోనీ ఒక్కటే చేసింది, 2006లో వచ్చిన ఎంజెడ్-ఆర్‌హెచ్1. దానికి ఇప్పుడు పాత సరుకు మార్కెట్లో బంగారం ధర పలుకుతోంది.

అందుకే చాలామంది హెడ్‌ఫోన్ పిన్ నుంచి లాప్‌టాప్‌కి వైరు పెట్టి, డిస్కు మొత్తం ఆడించి రికార్డ్ చేసుకున్నారు. తప్పేం కాదు, వేరే దారి లేకపోతే అదే చేయండి, కాకపోతే లాప్‌టాప్ చార్జర్ పీకేసి చేయండి, కరెంటు గుయ్యిమనే శబ్దం సగం అక్కడే పోతుంది. ఆప్టికల్ అవుట్ ఉన్న డెక్కు దొరికితే ఇంకా మంచిది, శబ్దం డిజిటల్‌గానే వస్తుంది. ఈ రెండు పద్ధతుల్లోనూ గంట పాటకి గంట కూర్చోవాల్సిందే.

ఇప్పుడు వీటికన్నా మంచి దారి ఉంది. వెబ్ మినీడిస్క్ ప్రో అని ఒకటి, క్రోమ్ బ్రౌజర్లోనే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేసేది ఏమీ లేదు. సోనీ పోర్టబుల్ నెట్‌ఎండీ రికార్డర్‌ని యూఎస్‌బీకి తగిలించి, అందులో హోంబ్రూ మోడ్ ఆన్ చేస్తే, ఆ రికార్డర్ లోపలి ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు తాత్కాలికంగా పెట్టి, డిస్కు మీదున్న అసలు డేటాని యథాతథంగా బయటికి లాగుతుంది. అభిమానులు సొంతంగా కూర్చుని, విప్పి చూసి, కనిపెట్టి ఉచితంగా ఇచ్చిన పని ఇది. వాళ్ళకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. మీ డిస్కులు రికార్డ్ చేసింది యూఎస్‌బీ లేని పాత మెషీన్లో అయినా ఫర్వాలేదు, ఇప్పుడు చదివేది నెట్‌ఎండీ అయితే చాలు. విండోస్‌లో మాత్రం ఒక్కసారి జాడిగ్ అనే చిన్న టూల్‌తో రికార్డర్ డ్రైవర్‌ని విన్‌యూఎస్‌బీకి మార్చాలి, లేకపోతే బ్రౌజర్‌కి రికార్డర్ కనపడదు.

డిస్కు లోపల పెట్టే ముందు పక్కనున్న చిన్న ట్యాబ్ జరిపి, కన్నం కనపడేలా పెట్టండి. అప్పుడు దాని మీద ఏదీ రాయడానికి కుదరదు. ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మినీడిస్కులో ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అంతా టీఓసీ అనే విషయసూచికలో ఉంటుంది, రికార్డింగ్ ఆపాక చివర్లో రాసేది దాన్నే. అది చెడితే పాటలన్నీ డిస్కు మీద అలాగే ఉన్నా మెషీన్ మాత్రం ఖాళీ డిస్కు అంటుంది. అలాంటి డిస్కుని పారేయకండి. ఇంకో డిస్కు టీఓసీని దీని మీదికి ఎక్కించి పాటలు బతికించుకునే పద్ధతి ఉంది, కాకపోతే చేయి తిరిగినవాళ్ళ చేత చేయించుకోవాలి.

మామూలు ఎస్‌పీ మోడ్ రికార్డింగ్ అయితే వచ్చే ఫైలు ఏఈఏ, అంటే డిస్కులో ఉన్న శబ్దం ఉన్నదున్నట్టు. సెకనుకి 292 కిలోబిట్లు, అంటే 74 నిమిషాల డిస్కు సుమారు 160 ఎంబీ, ఈ రోజుల్లో అదొక లెక్కే కాదు. ఆ ఫైలుని కదిలించకుండా అలాగే దాచండి. వినడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో, శబ్దం ఏమాత్రం తగ్గించని ఫ్లాక్ ఫైలు చేసుకోండి. ఎంపీ3 చేసేసి అసలుది తీసేయడం మాత్రం వద్దు, మినీడిస్కులో ఒకసారి కుదించిన శబ్దాన్ని మళ్ళీ కుదిస్తే పోయింది పోయినట్టే. డిస్కు సరిపోవాలని, నాలుగింతలు పట్టేలా ఇంకా కుదించే ఎల్‌పీ4 మోడ్‌లో రికార్డ్ చేసినవి ఎలాగూ కొంచెం రేకు డబ్బాలో పాడినట్టుంటాయి, వాటిని ఇంకా పాడుచేయకూడదు.

ఎక్కించడం కన్నా కష్టమైంది పేర్లు పెట్టడం. డిస్కుల్లో ఇంగ్లీషు అక్షరాలూ జపనీస్ అక్షరాలే తప్ప తెలుగు పట్టదు, నేను అప్పట్లో "నాయనమ్మ 3" అని ఇంగ్లీషులో కొట్టి వదిలేసినవి బోలెడు. గడియారం సెట్ చేసి ఉంటే కొన్ని రికార్డర్లు తేదీ కూడా డిస్కులో రాస్తాయి, అదొక ఆధారం. మిగతాదంతా మనుషుల్నే అడగాలి. ఒక సువ్వి పాటలో నాయనమ్మ ఒక్కో చరణం అందుకుంటుంటే "సువ్వీ" అని వెనకాల ఇంకో గొంతు పలుకుతుంది, కాస్త బొంగురు గొంతు, మధ్యలో రోకలి దెబ్బకి ఊపిరి తెగుతూ. ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఫోన్లో మా మేనత్తకి వినిపించాను. రెండో సువ్వికే ఆపమంది.

"ఒరేయ్, అది మన పక్కింటి చాకలి మంగమ్మత్తరా. మీ నాయనమ్మకి ఆ పాట నేర్పిందే ఆవిడ."

ఇన్నాళ్ళూ ఆ పాట మా నాయనమ్మదే అనుకుంటూ ఉన్నాం. అత్తయ్యకి ఎనభై దాటాయి. ఆవిడ చెప్పకపోతే ఆ మనిషి గొంతు ఉండి కూడా పేరు లేకుండా పోయేది. అందుకని అన్ని డిస్కులూ ఎక్కించాక తీరిగ్గా పేర్లు పెడదాం అనుకోకండి, ఎక్కించిన రోజే పెద్దవాళ్ళకి వినిపించండి, వాళ్ళు చెప్పే మాటల్ని కూడా ఫోన్లో రికార్డ్ చేయండి.

నేను ప్రతి డిస్కుకీ ఒక ఫోల్డర్ పెడుతున్నాను. అందులో ఏఈఏ ఫైళ్ళు, ఫ్లాక్‌లు, డిస్కు లేబుల్ ఫొటో, ఎవరు ఎక్కడ ఏం పాడారో తెలుగులో ఒక టెక్స్ట్ ఫైలు, ఫైళ్ళు చెడిపోయాయేమో తర్వాత చూసుకోడానికి చెక్‌సమ్‌లు. ఒక కాపీ ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో, ఇంకొకటి తమ్ముడింట్లో. ఎక్కించేసిన డిస్కుల్ని పారేయలేదు, పారేయను కూడా. హరికథ మాత్రం ఇంకా ఎక్కలేదు, అది రెండు డిస్కుల మీద ఎల్‌పీ4లో ఉంది, వచ్చే వారం దాని పని పడతాను.