ఐదు వేళ్లు, ఒక కనుగుడ్డు: 'బ్రైడ్ ఆఫ్ రీ-యానిమేటర్' బొమ్మ పని ఎంతవరకు వచ్చిందంటే

1990 నాటి హారర్ సినిమా 'బ్రైడ్ ఆఫ్ రీ-యానిమేటర్'లో మిగతాదంతా మరిచిపోయినా ఆ వేళ్ల పురుగుని మరిచిపోవడం కష్టం. శవాలని బతికించాలని చూసే డాక్టరు హెర్బర్ట్ వెస్ట్ తెగిన వేళ్లని ఒక కనుగుడ్డు చుట్టూ అమర్చి, చచ్చినదాన్ని లేపే తన పచ్చమందు ఎక్కిస్తే అది సాలీడులా పాకుతుంది. సినిమాకి మూలం, అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ 1921-22లో 'హోమ్ బ్రూ' పత్రికకి ఆరు భాగాలుగా రాసిన కథలో ఈ జీవి లేదు. విత్తనం మాత్రం ఐదో భాగంలో ఉంది. మెదడుతో పనిలేకుండా అవయవం బతుకుతుందా, తెగి వేరుపడ్డ భాగాల మధ్య ఏదైనా లంకె మిగులుతుందా అని వెస్ట్ యుద్ధభూమిలో శవాల మీద పరీక్షలు చేసేది అందులోనే. దర్శకుడు బ్రయాన్ యుజ్నా కథని చాలా చోట్ల వదిలేసినా ఈ ప్రశ్నని వదల్లేదు. సినిమాలో స్టాప్‌మోషన్ (బొమ్మని కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసే పద్ధతి) పని డేవిడ్ అలెన్‌ది.

ఇక్కడ చేస్తున్నది అద్దాల బీరువాలో పెట్టే నకలు కాదు. అసలు వేళ్ల సైజులోనే, ఫ్రేము ఫ్రేముకీ కదిపి నడిపించే బొమ్మ. కదలాలి అనేసరికి ప్రతి మెట్టులోనూ లెక్క మారిపోతుంది.

వేళ్ల పోత (రెండోసారి కుదిరింది)

పళ్ల డాక్టర్లు అచ్చు తియ్యడానికి వాడే పొడి, ఆల్జినేట్, 450 గ్రాముల ప్యాకెట్‌కి 1.3 లీటర్ల నీళ్లు. పళ్లకి కలిపేదానికన్నా పల్చగా ఉంటేనే వేళ్ల సందుల్లోకి పోతుంది. నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో ట్యాంకు నీళ్లతో కలిపితే చెయ్యి ముంచేలోపే మగ్గులో గడ్డకడుతుంది, అందుకని ఐసు ముక్కలు వేసి, అవి కరిగాక కొలవాలి. వేళ్లు ఎడంగా పెట్టి, మగ్గు గోడకి తగలకుండా, మణికట్టు దాకా ముంచాలి.

వేలు ఎక్కడ తెంపాలన్న దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. అరచేతి వైపు వేలి మొదట్లో కనిపించే గీతని కీలు అనుకుంటాం. అది కీలు కాదు. అసలు కీలు వెనక వైపు మెటిక దగ్గర, ఆ గీతకి సుమారు 2 సెంటీమీటర్ల లోపల ఉంటుంది. గీత దగ్గర తెంపిన వేలికి రెండు కణుపులే మిగులుతాయి, మొదలు కదలదు, బొమ్మ కుంటుతుంది. మెటికతో సహా తెంపాలి.

మొదటి విడత ఆల్జినేట్‌లో డెంటల్ స్టోన్ అనే గట్టి ప్లాస్టర్ పోసి (100 గ్రాములకి 30 మిల్లీలీటర్ల నీళ్లు), గట్టిపడ్డాక దాని మీద విగ్రహాలవాళ్లు వాడే తెల్ల సిలికాన్‌తో అచ్చు తీశారు. అచ్చు చక్కగా వచ్చింది. అందులో పోసిన చర్మం సిలికాన్ మాత్రం రెండు రోజులైనా జిగటగానే ఉంది. చుక్కల కెటలిస్టు కలిపే ఆ తెల్ల సిలికాన్ తగరంతో గట్టిపడే రకం, చర్మానికి వాడేది ప్లాటినంతో గట్టిపడే రకం. మొదటిది తగిలిన చోట రెండోది గట్టిపడదు. గంధకం ఉన్న క్లే, లేటెక్స్ గ్లౌజులు, సరిగ్గా క్యూర్ కాని 3డీ ప్రింట్ రెజిన్ చేసేదీ ఇదే పని. నైట్రైల్ గ్లౌజులు వాడితే ఆ పేచీ ఉండదు.

రెండో విడత స్టోన్ బదులు మైనం పోశారు: కొవ్వొత్తి మైనం 70 పాళ్లు, తేనెమైనం 30. గిన్నె అంచున తెల్లగా మీగడ కడుతున్నప్పుడు, అంటే 65 డిగ్రీల ప్రాంతంలో పోయాలి. ఇంకా వేడిగా పోస్తే ఆల్జినేట్‌లోని నీరు ఆవిరై చర్మం గీతల మీద పొక్కులొస్తాయి. ఆల్జినేట్ ఎండుతూ కుంచించుకుపోతుంది కాబట్టి చెయ్యి తీసిన అరగంటలోపే పోత అయిపోవాలి. మైనపు వేలికి తెగిన చివర, చీలిన కండ, ఎముక అంచు వంటివి గంధకం లేని క్లేతో దిద్దడం సులువు. దాని మీద రెండు ముక్కల అచ్చు స్టోన్‌తోనే తీసి, రెండు రోజులు ఎండబెట్టి, లక్కర్ ఒక పూత కొట్టి, నాఫ్తాలో (పెట్రోలు జాతి ద్రావకం) పల్చన చేసిన వాజలైన్ రాయాలి. తడి అచ్చులో పోస్తే మళ్లీ బుడగలే.

తీగ, ఎముక

1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ రెండు పోగులు కలిపి మెలిపెట్టాలి. ఇనుప తీగ వద్దు, వంచినచోట నిలవకుండా వెనక్కి తంతుంది. మెలిక కూడా వదులుగా ఉండాలి. డ్రిల్లుకి తగిలించి బిర్రుగా తిప్పేస్తే తీగ అప్పుడే బిరుసెక్కి, యాభై అరవై వంపులకే పుటుక్కుమంటుంది. కణుపుకీ కణుపుకీ మధ్య ఎంసీల్ చుట్టి ఎముక చేసి, కీలు దగ్గర 6 మిల్లీమీటర్లు ఉత్త తీగ వదలాలి. అంతకన్నా ఎక్కువ వదిలితే వేలు పాములా వంగుతుంది, తక్కువైతే ఒకే బిందువు దగ్గర మడిచి మడిచి తెగుతుంది.

తెగడం ఎలాగూ తప్పదు. అందుకే వేలు మొదట్లో చదరపు ఇత్తడి గొట్టం, దానికి సరిపడే ఇంకో సైజు గొట్టం వేళ్లన్నీ చుట్టూ దూర్చే నడిమి చక్రంలో. వేలు విరిగితే ఊడదీసి కొత్తది దూర్చడమే. గుండ్రటి గొట్టం అయితే వేలు తనలో తాను తిరిగిపోతుంది. వేలికొసలో ఒక ఎం3 నట్టు, కింద చిల్లుల రేకు బల్ల. రేకు అడుగునుంచి స్క్రూ బిగిస్తే వేలు నిలబడుతుంది.

చర్మం

షోర్ 00-30 (రబ్బరు మెత్తదనానికి కొలత) మెత్తదనం ఉన్న ప్లాటినం సిలికాన్, ఏ, బీ భాగాలు చెరి 60 గ్రాములు. ఐదు వేళ్లకి సరిపోయి కొంచెం మిగులుతుంది. 23 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు పనికొచ్చే సరుకు 35 డిగ్రీల గదిలో అందులో సగం సేపు కూడా ఉండదు. రెండు డబ్బాలూ ముందు ఫ్రిజ్‌లో పెట్టుకుంటే నిదానంగా పొయ్యొచ్చు. రంగు ఒక శాతం దాటకూడదు, దాటితే వేలు రబ్బరు గొట్టంలా కనిపిస్తుంది. చిటికెడు ఎర్ర నూగు (పొడిలాంటి సన్నటి పోగులు), అందులో సగం నీలి నూగు కలిపితే లోపల నెత్తురు గడ్డకట్టిన చాయ వస్తుంది. శవం వేలు కదా, గోరు కింద నీలం కాస్త ఎక్కువే ఉండాలి. గోళ్లు బజార్లో దొరికే అతికించుకునేవే, పోతకి ముందే అచ్చులో కూర్చోబెట్టాలి.

మొదటి వేలు అచ్చు నుంచి వచ్చాక మడిస్తే, వదిలిన వెంటనే సగం వెనక్కి లేచింది. తప్పు తీగది కాదు, కీలు వెనక మందంగా ఉన్న సిలికాన్ సాగి లాగుతోంది. కీలు చుట్టూ 2 మిల్లీమీటర్ల స్పాంజి చుట్టి పోస్తే చాలావరకు తగ్గింది. మొదలు కీలుకి అదీ చాలక మూడు పోగుల తీగ వెయ్యాల్సొచ్చింది. సిలికాన్ మీద అక్రిలిక్ రంగు పొలుసులు పొలుసులుగా ఊడుతుంది. పారదర్శక సిలికాన్ సీలెంట్‌ని నాఫ్తాలో కరిగించి, ఆయిల్ పెయింట్ కలిపి స్పాంజితో అద్దితే పోదు. వెనిగర్ వాసన ఘాటుగా కొడుతుంది, నాఫ్తాకి నిప్పంటుకుంటుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చెయ్యాలి. మెరుపు పోవడానికి చివర్న టాల్కం పౌడర్.

కన్ను

మనిషి కనుగుడ్డు అడ్డం కొలత 24 మిల్లీమీటర్లు, నల్లగుడ్డు 12కి కాస్త లోపు. 24 మిల్లీమీటర్ల చెక్క పూస, తెల్ల రంగు (పాలతెలుపు కాదు, కొంచెం పసుపు కలిసింది), మీద నల్లగుడ్డు ప్రింటు, దాని మీద ఉబ్బెత్తుగా ఒక చుక్క యూవీ రెజిన్. ఆ ఉబ్బు లేకపోతే లైటు మెరుపు ఒక చోట నిలవదు, కన్ను బొత్తంలా ఉంటుంది. నరాలకి ఎర్ర ఎంబ్రాయిడరీ దారాన్ని పోగు పోగు విడదీసి, వెనకనుంచి ముందుకి సన్నబడేలా అంటించాలి. కనుపాప నడిమధ్య 0.8 మిల్లీమీటర్ల చిల్లు వేసి, అందులో గుండుసూది పెట్టి చూపు తిప్పుతారు. కన్ను కూర్చునే గూట్లో కాస్త వాజలైన్ ఉంటే ఫ్రేముల మధ్య తనంతట తాను జారదు.

నడక

ఇప్పటికి ఎక్కువ రోజులు తిన్నది ఇదే. వేళ్లు చక్రం చుట్టూ 72 డిగ్రీలకి ఒకటి. ఒకసారికి రెండు లేపి మూడింటి మీద నిలబెట్టాలి. ఏ రెండు? పక్కపక్కవి లేపితే మిగిలిన మూడూ ఒకే వైపు చేరతాయి, వాటి మధ్య ఒక చోట 216 డిగ్రీల ఖాళీ పడుతుంది, బరువు ఆ ఖాళీలోకి ఒరగాలి. అడుగున స్క్రూ ఉంది కాబట్టి బొమ్మ పడదు, కానీ చూసే కన్ను పట్టేస్తుంది: పడాల్సింది పడలేదని. ఒకటి విడిచి ఒకటి లేపితే (1, 3) మిగిలిన 2, 4, 5 మధ్య ఖాళీలు 144, 72, 144. ఏదీ 180 దాటదు, నడిమి చక్రం ఆ త్రికోణం లోపలే ఉంటుంది. ఆ తర్వాత (2, 4), (3, 5), (4, 1), (5, 2). ఇలా ఒక చుట్టు తిరిగితే ప్రతి వేలూ రెండుసార్లు లేస్తుంది.

సెకనుకి 24 ఫ్రేముల లెక్కన, ఒక్కో భంగిమ రెండు ఫ్రేముల చొప్పున, 4 సెకన్ల నడకకి 48 భంగిమలు. వేలు నేలకి ఆనిన మరుసటి భంగిమలో చక్రాన్ని ఒక మిల్లీమీటరు కిందికి దించాలి. ఆ ఒక్క మిల్లీమీటరుతో బొమ్మకి బరువొచ్చేసింది; రక్తం, చీలిన కండ, నీలి గోళ్లు కలిసి కూడా అంత పని చెయ్యలేదు. కన్ను మాత్రం వెళ్లే దిక్కుకి మూడు నాలుగు భంగిమలు ముందే తిరగాలి.

పచ్చమందు

1985 నాటి మొదటి సినిమా 'రీ-యానిమేటర్'లో వాడింది లైట్ స్టిక్కుల్లో ఉండే ద్రవమే. అది కొన్ని గంటల్లో మసకబారుతుంది, కొన్ని ప్లాస్టిక్కులని మెత్తబరుస్తుంది, రోజుల తరబడి సాగే స్టాప్‌మోషన్‌కి పనికిరాదు. కళ్ల డాక్టర్లు వాడే ఫ్లోరెసీన్ కాగితం స్ట్రిప్పులో 1 మిల్లీగ్రాము రంగు ఉంటుంది. ఒక స్ట్రిప్పు 100 మిల్లీలీటర్ల నీళ్లలో నానబెట్టి, చిటికెడు వంటసోడా వేస్తే చాలు. పులుపు తగిలితే వెలుగు చచ్చిపోతుంది, అందుకే సోడా. చిక్కగా ఉంటే బాగా వెలుగుతుందనుకుని నాలుగైదు స్ట్రిప్పులు వెయ్యకండి. పై పొరే వెలుగంతా మింగేసి, సిరంజి నడుమ చీకటిగా ఉంటుంది. నీలి ఎల్ఈడీ లైటు వెనకనుంచి వేస్తే యూవీ టార్చి కన్నా బాగా వెలుగుతుంది, ఎందుకంటే ఈ రంగు ఎక్కువగా పీల్చేది 490 నానోమీటర్ల దగ్గరి నీలాన్ని. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. 20 మిల్లీలీటర్ల గాజు సిరంజికి మొనలేని సూదే పెట్టాలి.

ప్రస్తుతానికి నాలుగు వేళ్లు, కన్ను, చక్రం సిద్ధం. ఉంగరపు వేలు రెండో కీలు దగ్గర తెగింది, 31వ భంగిమలో. కొత్త తీగ వేసి ఉంచిన వేలు అచ్చులో ఉంది, రేపు పొద్దున తెరవాలి.