తూకం అదే, చేదు వేరు

ఈ దేశానికి వచ్చిన కొత్తలో నాకు దొరికింది ఓ చిన్న బ్రూవరీలో ట్యాంకులు కడిగే పని. ఇక్కడి యాస చెవికి పట్టేది కాదు. గోడకు అంటించిన బ్రూయింగ్ షీట్ మాత్రం అర్థమయ్యేది. అందులో ఉన్నవి గ్రాములు, నిమిషాలు, డిగ్రీలే కదా. ఆ అంకెలు చూస్తూ చూస్తూ ఇష్టం పుట్టి, సెలవు రోజుల్లో అద్దె ఇంటి గ్యారేజీలో 20 లీటర్ల చొప్పున సొంతంగా బీరు కాయడం మొదలుపెట్టాను.

బీరుకు చేదూ వాసనా ఇచ్చే ఎండు పూలే హాప్స్. మొదటి రెండుసార్లు వాటిలో కాస్కేడ్ అనే రకం 50 గ్రాములు వేసి గంటసేపు మరిగించాను. బాగా కుదిరింది. మూడోసారి అవి దొరక్క మాగ్నమ్ అనే మరో రకం తెచ్చి, అదే 50 గ్రాములు తూచి వేశాను. కొన్ని వారాల తర్వాత సీసా తెరిస్తే, నా రూమ్మేట్ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. "అన్నా, ఈ చేదు నాలుక మీంచి పోవట్లేదు" అన్నాడు.

సోమవారం ఒక సీసా మా హెడ్ బ్రూవర్‌కి ఇచ్చాను. ఆయన రుచి చూసి అడిగింది ఒక్కటే: "ప్యాకెట్ మీద ఆల్ఫా ఎంత ఉంది?"

హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు మరిగేటప్పుడు రూపం మారితేనే చేదు బీరులో నిలుస్తుంది. గంట మరిగిస్తే సుమారు నాలుగో వంతు అలా మారుతుంది. నా కాస్కేడ్‌లో ఆల్ఫా 5.5 శాతం. 50 గ్రాములకు 2,750 మిల్లీగ్రాములు, అందులో పావు వంతును 20 లీటర్లకు పంచితే లీటరుకు 34 మిల్లీగ్రాములు. బీరు చేదును కొలిచే ఐబీయూ అంటే దాదాపు ఇదే కొలత. మాగ్నమ్‌లో 13 శాతం ఉంది. అదే లెక్క వేస్తే 81 వచ్చింది! 21 గ్రాములు సరిపోయేవి. కాగితం మీద ఆ అంకె చూశాక చాలాసేపు మాట రాలేదు నాకు.

పడిన చేదును తీసేసే దారి లేదని ఆయన చెప్పారు. కలపడమే మార్గం. తక్కువ హాప్స్‌తో, 15 ఐబీయూ వచ్చేలా మరో బీరు కాచి, చేదుది ఒక పాలు, కొత్తది రెండు పాళ్లు కలిపాను. లెక్క ప్రకారం 37. ముందు గ్లాసులో కలిపి రుచి చూశాకే మిగతాది కలిపాను. కలిపేటప్పుడు గాలి తగిలితే బీరు పాడవుతుంది, అందుకే ట్యూబ్ చివర అడుగున ఉంచి నెమ్మదిగా దింపాను. చేదు తక్కువైతే పని తేలిక. హాప్స్ నుంచి తీసిన, అప్పటికే రూపం మారిన చేదు సారం (ఐసో సారం) చుక్కలు దొరుకుతాయి, గ్లాసులో చుక్క చుక్కగా వేసి రుచి కుదిరిన చోట ఆపి, ఆ నిష్పత్తిలో మొత్తానికి వేసుకోవచ్చు.

అసలు నాకు కావలసింది చేదు కాదు, వాసన. అక్కడే నేను ఎక్కువగా పొరబడ్డాను. పూల వాసన, నిమ్మతొక్క వాసన ఇచ్చే నూనెలు మరిగితే ఆవిరైపోతాయి. గంట ముందు వేసింది చేదుకు, చివర్లో వేసింది వాసనకు. 15 నిమిషాలు మరిగితే గంటలో వచ్చే చేదులో దాదాపు సగం వస్తుంది, కాబట్టి దాన్నీ లెక్కలో కలపాలి. ఇప్పుడు నేను పొయ్యి ఆర్పి, 80 డిగ్రీలకు చల్లార్చి, అప్పుడు కాస్కేడ్ వేసి 20 నిమిషాలు మూత పెడుతున్నాను. చేదు పెద్దగా పెరగదు, వాసన నిలుస్తుంది. పులియడం అయ్యాక లీటరుకు 3 గ్రాముల హాప్స్ మరిగించకుండా చల్లని బీరులోనే వేసి మూడు రోజులు ఉంచుతాను. ఎక్కువ రోజులుంచితే ఆకు వగరు దిగుతుందని నా అనుభవం.

నీటి సంగతి కూడా ఉంది. జిప్సం కాస్త కలిపితే చేదు పదునుగా తెలుస్తుంది, కాల్షియం క్లోరైడ్ కలిపితే నోటికి మెత్తగా ఉంటుంది. దీన్ని ఇంకా నేర్చుకుంటున్నాను.

మిగిలిన హాప్స్ గాలి తీసిన కవర్లలో ఫ్రీజర్‌లో పెడతాను, వెచ్చగా ఉంటే ఆల్ఫా తగ్గిపోతుంది. ప్రతి కవర్ మీదా మార్కర్‌తో రకం, ఏడాది, ఆల్ఫా శాతం రాస్తాను. మొన్న పనిలో చేరిన కొత్త కుర్రాడు ఇంట్లో కాస్తానంటే, తూకం కన్నా ముందు ఆ శాతమే చూపించాను.