ఏ బంక ఏ తెగులుది? మా కొబ్బరి తోటలో గానోడెర్మాను గుర్తుపట్టిన అనుభవం

కొబ్బరి చెట్టుకు గోధుమరంగు బంక కారితే కోనసీమలో ఎక్కువమంది నోటి వెంట వచ్చే మాట ఒకటే: "పురుగు పడింది, మందు పెట్టించు." అంబాజీపేట దగ్గర మా నాన్నగారు వేసిన ముదురు తోటలో నేనూ ఆ మాట పట్టుకుని కూర్చుని ఉంటే ఈపాటికి ఓ వరుస ఖాళీ అయిపోయేది. బంక కారడానికి ముఖ్యంగా మూడు కారణాలుంటాయి: ఎర్రముక్కు పురుగు, కాండం నుంచి రసం కారే తెగులు, వేళ్ళను కుళ్ళబెట్టే గానోడెర్మా అనే శిలీంధ్రం. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

సంగతి మొదట పసిగట్టింది మాకు దింపు తీసే బాబాయ్. చెట్టు దిగి వచ్చి, "బాబూ, గట్టు పక్క చెట్టుకి కింది మట్టలన్నీ వేలాడిపోతున్నాయి. కాయ కూడా చిన్నదైపోయింది. మొదలు ఓసారి చూడండి" అన్నాడు. వెళ్లి చూస్తే నేలకు జానెడు ఎత్తులో బెరడు పగిలి, ఎర్రటి జిగురు కారి, ఎండినచోట నల్లగా అట్టకట్టి ఉంది.

పురుగుమందుల కొట్లో ఫొటో చూసి ఎర్రముక్కు పురుగు అన్నారు, డబ్బా కూడా చేతిలో పెట్టారు. తెచ్చాను గానీ వాడలేదు. ఎర్రముక్కు పురుగైతే కాండం మీద రంధ్రం ఉండాలి, అందులోంచి నమిలి వదిలిన పీచు బయటికి రావాలి, పులిసిన వాసన రావాలి. కాండానికి చెవి ఆనిస్తే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. మా చెట్టుకు అవేవీ లేవు.

రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకురాలు వచ్చి చూశారు. ఆవిడ బెరడు కన్నా ముందు వేళ్ళు తవ్వించారు. కొబ్బరికి తల్లివేరు ఉండదు. మొదలు చుట్టూ వేల కొద్దీ పీచు వేళ్ళే చెట్టును నిలబెడతాయి, నీళ్ళు అందిస్తాయి. పక్కనున్న మంచి చెట్టు వేరు కోస్తే లోపల తెల్లగా, గట్టిగా ఉంది. ఈ చెట్టుది వంచగానే పుటుక్కున విరిగింది, లోపల గోధుమరంగు. ఆ రెండు వేళ్ళూ పక్కపక్కన అరచేతిలో పెట్టి చూపించారు. ఇది గానోడెర్మాయేనని ఆ క్షణానే నాకు అర్థమైపోయింది. అయినా ఆవిడ చెప్పినట్టు వేళ్ళు, బెరడు ముక్క విడివిడిగా కాగితపు సంచుల్లో పెట్టి, అంబాజీపేటలో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధనా స్థానానికి తీసుకెళ్ళాను. గానోడెర్మా అని వాళ్ళూ ఖాయం చేశారు.

అక్కడే రెండో తేడా కూడా వివరంగా చెప్పారు. కాండం నుంచి రసం కారే తెగులు వేరే ఉంది, అదీ శిలీంధ్రమే. కానీ దాని మచ్చలు కాండం మీద ఎక్కడైనా రావచ్చు. మచ్చ చెక్కితే లోపల మెత్తబడిన భాగం కనిపిస్తుంది, వేళ్ళు మాత్రం సాధారణంగా బాగానే ఉంటాయి. గానోడెర్మా నేలలోంచి వస్తుంది. వేళ్ళలో పుట్టి, చెట్టు మొదట్లోకి ఎక్కి, అక్కణ్ణుంచి పైకి పోతుంది. అందుకే బంక కింద మొదలై పైకి పాకుతుంది. 1952 తుఫాను తర్వాత తంజావూరు జిల్లాలో తోటలను దెబ్బతీయడంతో దీనికి తంజావూరు తెగులు అనే పేరు కూడా వచ్చింది.

మరి పుట్టగొడుగు సంగతి? మా చెట్టుకు రాలేదు. గట్టు అవతల ఎప్పుడో నరికి వదిలేసిన మొద్దుకు మాత్రం ఉంది. అరచేయంత వెడల్పు, పైన వార్నిష్ వేసినట్టు మెరిసే ఎర్ర గోధుమరంగు, పెరుగుతున్న అంచు మాత్రం తెలుపు. కింది వైపు తెల్లగా సన్నటి రంధ్రాలు, గోరుతో గీస్తే గీత గోధుమరంగుకు తిరిగింది. చుట్టూ ఆకుల మీద పడిన మెత్తటి గోధుమరంగు పొడి దాని బీజాలే. చెట్టు మొదట్లో ఈ గొడుగు పుట్టిందంటే లోపల పని దాదాపు అయిపోయినట్టే. దాన్ని చూశాకే నిర్ధారించుకుందాం అనుకుంటే ఆ చెట్టు దక్కదు. ఎండిన మొద్దుల మీద గుత్తులుగా వచ్చే చిన్న తెల్ల గొడుగులన్నింటినీ చూసి టెన్షన్ పడనక్కర్లేదు. చాలామటుకు చచ్చిన చెక్కను తినేవే అవి.

గట్టు పక్క చెట్టును కొట్టించక తప్పలేదు. నాన్నగారి చేతి చెట్టు, మనసు ఒప్పుకోలేదు. కానీ కోత చూశాక ఇంకేం అనలేకపోయాను. బంక ఎంత ఎత్తుకు పాకిందో లోపల కుళ్ళు కూడా ఇంచుమించు అంత ఎత్తుకీ ఉంది. కొబ్బరి కాండానికి మామిడి, వేప చెట్లలా కొత్త చెక్క ఏర్పడదు కాబట్టి కుళ్ళిన భాగం మళ్ళీ పూడదు. మొద్దునూ వేళ్ళనూ పెకిలించి కాల్చేశాం.

దాని పక్క చెట్టుకు బంక అప్పుడప్పుడే మొదలైంది. దానికి వేరు ద్వారా మందు ఎక్కించాం. పెన్సిల్ లావు ఉన్న తాజా వేరును ఏటవాలుగా కోసి, 100 మి.లీ. నీళ్ళలో 2 మి.లీ. హెక్సాకొనజోల్ అనే శిలీంధ్రనాశిని కలిపి పోసిన పాలిథిన్ సంచిలోకి దించి, కోసిన కొస సంచి అడుగు దాకా మునిగేలా దారంతో కట్టాలి. చచ్చిన వేరు ఎంచుకుంటే మందు చుక్క కూడా తగ్గదు. కాయలు ముందే దింపించి, తర్వాత 45 రోజులు కోయకుండా ఆగాం. మూడు నెలలకోసారి ఇలా ఎక్కించమన్నారు. దానికి తోడు పాదులో 5 కిలోల వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం కలిపి వేశాం. బంక ఆగింది, కొత్త మట్టలు నిటారుగా వస్తున్నాయి.

నీళ్ళు పారించే పద్ధతి కూడా మార్చాం. చెట్టు నుంచి చెట్టుకు పారే నీరు తెగులును మోసుకెళ్తుంది, అందుకే ఇప్పుడు ఏ పాదు నీరు ఆ పాదుకే. వేళ్ళు తెగకుండా పాదుల దగ్గర దున్నడం మానేశాం. అరటి అంతరపంటగా ఉన్నచోట తెగులు ఉద్ధృతి తగ్గుతుందన్నారు, పిలకలు కూడా వేశాం. దింపుకొచ్చినప్పుడల్లా బాబాయ్ కొడవలి వెనక వైపుతో మొదళ్ళు గీకి చూస్తున్నాడు.

గట్టు అవతలి మొద్దు ఒక్కటీ ఇంకా అక్కడే ఉంది. ఆ రైతు హైదరాబాద్‌లో ఉంటారు. తవ్వించే ఖర్చు మేమే పెట్టుకుంటామని ఫోన్‌లో చెప్పాం, కోతలు కాగానే మనిషిని పంపుతానన్నారు.