ఒకటికి ఆరా, ఆరింట ఒకటా?

మా బడిలో తూర్పు వైపు గదులు 1987లో కట్టారు. ఆ గోడల్లో సిమెంటు, ఇసుక పాళ్లు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. అందుకు కారణం ఏడో తరగతి లెక్కల పరీక్ష.

సిమెంటు, ఇసుక 1:6 నిష్పత్తిలో కలిపితే మిశ్రమంలో సిమెంటు ఎంత భాగం అన్నది ప్రశ్న. నిష్పత్తిని భిన్నంగా రాయవచ్చని ముందు వారమే చెప్పారు కదా అన్న ధీమాతో 1/6 అని రాసి, అందరికంటే ముందు పేపరు ఇచ్చేశాను. దిద్దిన పేపరులో ఇంటూ గుర్తు లేదు. ఎర్ర సిరాతో ‘దేనిలో?’ అన్న ఒక్క మాట ఉంది. మార్కు మాత్రం సున్నా.

లెక్కల మాస్టారి దగ్గరకు వాదనకు వెళ్తే కసరలేదు. మా అందరినీ వెంటబెట్టుకుని గోడ కడుతున్న చోటికి నడిచారు. ‘‘మేస్త్రీ గారూ, మాలు ఎంతలో కలుపుతున్నారు?’’

‘‘కట్టుబడికి ఒకటికి ఆరండి.’’

మా ముందే ఒక గమేళా సిమెంటు, ఆరు గమేళాల ఇసుక పోయించారు. మొత్తం ఏడు. అంటే సిమెంటు ఏడింట ఒక వంతు!

‘‘ఒకటికి ఆరు, ఆరింట ఒకటి. అంకెలు అవే, విభక్తి మారిందిరా. ‘కి’ అంటే రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ‘ఇంట’ అంటే ఒకటి రెండోదాని కడుపులో ఉంది’’ అన్నారు. తెలుగు మాస్టారు ఏడాదంతా చెప్పిన విభక్తులు నాకు అర్థమైంది ఆ ఇసుక కుప్ప దగ్గరే.

అలాగని 1/6 శుద్ధ తప్పేమీ కాదు. ఇసుకతో పోలిస్తే సిమెంటు ఆరో వంతే. అడిగింది మిశ్రమంలో. ఇంటూ పెట్టకపోవడానికి అదీ కారణం.

మిర్చి యార్డులో కమీషన్ కొట్టున్న వారి అబ్బాయి ఊరుకోలేదు. ‘‘క్వింటాలుకు ఇన్ని రూపాయలు అంటాం కదండీ, అందులోనూ ‘కు’ ఉంది. అదీ నిష్పత్తేనా?’’ నిష్పత్తికి రెండు రాశులూ ఒకే ప్రమాణంలో ఉండాలని, బరువూ డబ్బూ ఒక జాతివి కావు కాబట్టి దాన్ని రేటు అంటారని మాస్టారు చెప్పారు.

పక్కనే పైకప్పు ప్లాస్టరింగుకు కలిపిన ఒకటికి నాలుగు కుప్ప ఉంది. ఒక గమేళా సిమెంటు, నాలుగు ఇసుక. ‘‘ఈ రెండు కుప్పలూ కలిపేస్తే సిమెంటు ఎంత వంతు?’’ అన్నారు. పోయిన మార్కు మీద ఆశ చావని నేను ఒకటి బై ఏడు, ఒకటి బై ఐదు కూడి 12/35 అన్నాను.

‘‘మూడో వంతు పైనా? పలుచని మజ్జిగలు రెండు కలిపితే గడ్డ పెరుగు అవుతుందా?’’

ఒకటి ఏడు గమేళాల కుప్పలో వంతు, ఇంకొకటి ఐదు గమేళాల కుప్పలో వంతు. వాటిని అలా కూడితే వచ్చేది ఏ కుప్పకూ చెందదు. మళ్లీ గమేళాలే లెక్కపెట్టాం. సిమెంటు రెండు, ఇసుక పది. నిష్పత్తి ఒకటికి ఐదు. మొత్తం పన్నెండింట సిమెంటు రెండు, అంటే... ఆరింట ఒకటి!

‘‘చూశారా మాస్టారూ, నా జవాబే వచ్చింది!’’ అని గంతులు వేశాను.

‘‘వచ్చిందిరా. ప్రశ్నే వేరు’’ అని గొడుగు తీసుకుని క్లాసు వైపు నడిచారు. మార్కు మాత్రం కలపలేదు.