గుణదల తిరునాళ్లతో తేలిన క్యాలెండర్ లెక్క

రైల్వే ఉద్యోగాల పరీక్ష ఎన్‌టీపీసీ తుది జాబితాలో నా నంబరు చూసుకొని నాలుగు రోజులే అయింది. సిలబస్ సంగతి మీకు తెలిసినదే కనుక, మొదటి ప్రయత్నంలో నన్ను ముంచిన ఒకే ఒక్క క్యాలెండర్ ప్రశ్న గురించి రాస్తున్నాను.

ఫిబ్రవరి మొదటి వారంలోని ఒక తేదీ ఏ వారమో చెప్పి, మరుసటి ఏడాది, అంటే లీపు సంవత్సరంలో, అదే తేదీ ఏ వారమవుతుందని అడిగారు. సాధారణ సంవత్సరానికి ఒక ఆడ్ డే (పూర్తి వారాలు తీసేశాక మిగిలే రోజు), లీపు సంవత్సరానికి రెండు అని బట్టీ పట్టిన నేను, లీపు అన్న మాట కంటపడగానే రెండు కలిపేశాను. రావలసిన మార్కు రాలేదు, పైగా మూడో వంతు కోత పడింది; కటాఫ్‌కు ఒక్క మార్కు దూరంలో ఆగిపోయాను.

పుస్తకాలకు అట్టలు వేయడానికి పనికొస్తాయని అమ్మ పాత క్యాలెండర్లు దాచబట్టి, తరువాత ఒకరోజు బెజవాడలో మా ఇంట్లోనే అసలు కిటుకు దొరికింది. గుణదల మేరీమాత తిరునాళ్ల చివరి రోజైన ఫిబ్రవరి 11, 2023లో శనివారం, 2024లో ఆదివారం, 2025లో మంగళవారం. క్రిస్మస్ మాత్రం 2023లో సోమవారం వచ్చి, 2024లోనే బుధవారానికి దూకి, 2025లో గురువారం పడింది. అంటే రెండు తేదీల నడుమ ఫిబ్రవరి 29 ఉంటేనే రెండో రోజు కలపాలి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి కదా, రెండూ గురువారాలే ఎందుకయ్యాయో చూడండి. మూడేళ్లకు మూడు, 1956 ఫిబ్రవరి 29కి ఒకటి, అక్టోబరు నెలకు మూడు, మొత్తం ఏడు, అంటే సరిగ్గా ఒక వారం. శతాబ్దాల లెక్కలో 1900 లీపు కాదని, 2000 లీపని గుర్తుంటే చాలు.

చంద్రుణ్ణి బట్టి వచ్చే పండుగలకు ఈ సూత్రం పనిచేయదు. 2023లో మార్చి 22న వచ్చిన ఉగాది, ఆ ఏడు అధిక శ్రావణం రావడంతో 2024లో ఏప్రిల్ 9కి జరిగింది. రంజాన్‌కు అధికమాసం లేదు కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుకు వస్తుంది. ఈస్టర్ ఆదివారమేనని తెలిసినా, తేదీ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎక్కడైనా పడవచ్చు.

ఒక్క మార్కు కోసం రెండు వారాలు పాడుచేశావని మా రీడింగ్ రూమ్ మిత్రులు ఇప్పటికీ అంటారు. కరెంట్ అఫైర్స్ నేనూ వాళ్లతో సమానంగానే చదివాను. అయినా పోయినది ఆ ఒక్క మార్కే గనుక వాళ్ల మాట ఒప్పుకోలేను. ఈసారి క్యాలెండర్ ప్రశ్న రాగానే రఫ్ కాగితంపై రెండు తేదీలూ రాసుకొని, మధ్యలో ఫిబ్రవరి 29 ఉందో లేదో చూశాకే జవాబు నొక్కాను. నలభై సెకన్లు పట్టింది.